నీల అన్నదేమిటంటే

మెడకు చుట్టిన పట్టీ చల్లగా తగలగానే నీలవేణి భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. "ఏం లేదమ్మా, ఒక్క నిమిషం," అంటూ కృష్ణవేణి చెల్లెలి గడ్డం కింద చెయ్యి పెట్టి తల నిలబెట్టింది. డాక్టర్ ఫర్హానా దవడ కింద మూడు మెత్తని బిళ్లలు అంటించి, తీగలు సర్ది, వెనక్కి జరిగింది. కాకినాడలోని ఆ ప్రయోగశాలలో ఆ పూట ఎవరూ కాఫీ ముట్టుకోలేదు. పదకొండు నెలలుగా ఎదురుచూస్తున్న రోజు అది.

నీలకు ముప్పై ఒక్కేళ్లు. పుట్టేటప్పుడు ఊపిరి అందక మెదడులో కొంత భాగం దెబ్బతింది. తెలివికి ఏ లోటూ లేదు గానీ ఒళ్లు చెప్పిన మాట వినదు. చేతులు వాటి ఇష్టానికి అవి మెలితిరుగుతాయి. చక్రాల కుర్చీలోనే పొద్దుగడుస్తుంది. ఆమె మాట్లాడితే కొత్తవాళ్లకు మూలిగినట్టు వినిపిస్తుంది. ఆ మూలుగు మాటగా అర్థమయ్యేది లోకంలో ఒక్క అక్కకే. జగన్నాథపురం వంతెన దగ్గర టిఫిన్ బండి నడిపే కృష్ణవేణే ఇరవై మూడేళ్లుగా చెల్లెలి నోరు.

ఆ నోటికి సాయంగా ఫర్హానా తయారుచేసింది పలుకుపట్టీ. మాట్లాడాలనుకున్నప్పుడు మెదడు నుంచి గొంతు కండరాలకు వెళ్లే సన్నటి విద్యుత్తు కదలికలను అది పట్టుకుంటుంది. నీల గొంతులో ఆ కదలికలు చెదిరిపోయే ఉంటాయి, కానీ ప్రతిసారీ ఒకే పద్ధతిలో చెదురుతాయి. ఆ పద్ధతి యంత్రానికి తెలిసిపోతే చాలు, వెనక దాగిన మాట దొరుకుతుంది. నేర్పడానికి నీల గొంతు కావాలి, ఆమె ఏమన్నదో చెప్పేవాళ్లూ కావాలి. అందుకే నీల మాట్లాడిన రికార్డులన్నీ పక్క గదిలో కూర్చుని విని, ఒక్కొక్క దానికీ వాక్యం చెబుతూ వచ్చింది కృష్ణవేణి. మొత్తం నాలుగు వేల వాక్యాలు. యంత్రం ఇప్పుడు వందకు తొంభై నాలుగు సరిగ్గా చెబుతోంది.

"సులువైన దాంతో మొదలుపెడదాం," అంది ఫర్హానా. "నీలా, పొద్దున అక్క వేసిన పెసరట్టు ఎలా ఉంది?"

నీల ఊపిరి కూడదీసుకుంది. ఇన్నేళ్లకు తన మాట తనదిగా బయటికి రాబోతోంది. "మాడింది. అల్లం చాల్లేదు," అంది.

పట్టీకి తగిలించిన చిన్న స్పీకరు తియ్యటి ఆడగొంతుతో పలికింది: "చాలా బాగుందండీ. మా అక్క చేసిందంటే తిరుగుండదు."

గదంతా చప్పట్లు. ఫర్హానా కళ్లలో నీళ్లు తిరిగాయి. కృష్ణవేణి కొంగుతో మొహం ఒత్తుకుంది.

నీల నిర్ఘాంతపోయింది. "కాదు!" అని అరిచింది.

"చాలా సంతోషంగా ఉందండీ," అంది స్పీకరు.

నీల ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుపోయింది. కాళ్లు కుర్చీ పలకకేసి కొట్టుకున్నాయి. "సంతోషం పట్టలేకపోతోందండి మేడంగారూ," అంది కృష్ణవేణి, చెల్లెలి భుజాలు నిమురుతూ.

అక్క మాటలు మార్చడం నీలకు కొత్త కాదు. బండి దగ్గర ఎవరైనా "చట్నీ ఎలా ఉందమ్మా?" అని అడిగితే నీల "ఉప్పు కషాయం" అనడం, అక్క "బ్రహ్మాండంగా ఉందంట" అనడం రోజూ జరిగేదే. ఇంట్లో దానికి ఇద్దరూ నవ్వుకునేవాళ్లు కూడా. కానీ ఇక్కడ, యంత్రానికి నేర్పేచోట, అక్క ఉన్నదున్నట్టు చెబుతుందనే నీల నమ్మింది. ఇప్పుడు అక్క చేసిన మార్పులన్నీ యంత్రం నేర్చేసుకుంది. తన గొంతుకి ఇద్దరు దుబాసీలు తయారయ్యారు, ఇద్దరూ ఒకే మాట మీదున్నారు. కాదని చెప్పే దారి లేదు.

"ఆ రికార్డు ఇంకోసారి వెయ్యండి," అని మూల నుంచి ఎవరో అన్నారు.

ఎలీషా. ఆ ప్రయోగశాలలో ప్రోగ్రాములు రాసే ఇంజనీరు. తుని దగ్గర పల్లెలో పుట్టాడు, పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. కంప్యూటరు తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ను అతను మూడింతల వేగంతో వింటాడు. పక్కవాళ్లకది తేనెటీగల రొదలా ఉంటుంది, అతనికి మాత్రం ఒక్క అక్షరం పోదు. ఇన్నాళ్లూ నీల గొంతు అతని దగ్గరికి అంకెలుగానే వచ్చింది. ఎదురుగా కూర్చుని వినడం ఇదే మొదలు.

రికార్డు మళ్లీ వేశారు. ఎలీషా తల పక్కకి వంచి విన్నాడు.

"ఆవిడ అన్నవి మూడు మాటలండి. మన పట్టీ ఆరు చెప్పింది. ఆ మిగతా మూడూ ఎక్కడివి?"

"అది కుదించి అంటదండి," అంది కృష్ణవేణి. "నాకు తెలుసు కదా."

"సరేనండి. రెండోసారి ఒక్కటే మాట. అరిచారు. సంతోషపడ్డవాళ్లు అలా అరవరు." అతను లేచి, బల్ల అంచు పట్టుకుని నీల కుర్చీ దాకా వచ్చాడు. "నీలవేణిగారూ, మీకు మోకాలి మీట ఉందని మీ కాగితాల్లో రాసుంది. తెచ్చారా?"

కుర్చీ వెనక సంచిలో అడుగున ఉంది. పాత ట్యాబ్లెట్టు, మోకాలి పక్కన బిగించే గుండ్రటి మీట. నీల ఒంట్లో చెప్పినట్టు వినేది కుడి మోకాలు ఒక్కటే. తెర మీద అక్షరాల వరుసలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కావలసిన వరుస వెలిగినప్పుడు నొక్కాలి. ఆ వరుసలో అక్షరం కోసం మళ్లీ నొక్కాలి. ఆ తర్వాత గుణింతం, ఆ తర్వాత ఒత్తు. మోకాలు రెప్పపాటు ఆలస్యమైతే వరుస దాటిపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. "ఇంత బాధ దేనికే, నేను చెప్తాగా" అని కృష్ణవేణి దాన్ని సంచిలో పడేసి రెండేళ్లవుతోంది.

ఫర్హానా ట్యాబ్లెట్టుకు చార్జరు తగిలించి మీట బిగించింది. నీల రాయడం మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు వరుస తప్పింది. చెమట కంట్లోకి కారింది. తుడవడానికి కృష్ణవేణి ముందుకు వచ్చింది గానీ తెర మీది అక్షరాలు చూసి మధ్యలోనే ఆగిపోయింది. పన్నెండు నిమిషాలకు వాక్యం పూర్తయింది. ఫర్హానా పైకి చదివింది.

"నేను అలా అనలేదు."

"మరేమన్నావు నీలా?" అంది ఫర్హానా మెల్లగా.

ఇంకో నాలుగు నిమిషాలు పట్టింది. "మాడింది."

ఎలీషా పగలబడి నవ్వాడు. ఆపుకుందామన్నా ఫర్హానాకూ ఆగలేదు. నీల కూడా గుర్రుమంటూ నవ్వింది. కృష్ణవేణి ఒక్కతే నవ్వలేదు.

నవ్వు ఆగాక ఫర్హానా కుర్చీలో కూలబడింది. "తొంభై నాలుగు శాతం," అంది. "దేనితో పోల్చి లెక్కేశాం? కృష్ణవేణిగారి వాక్యాలతో. పదకొండు నెలలు మనం యంత్రానికి నేర్పింది నీల మాట కాదు ఎలీషా. వాళ్లక్క మాట."

"అంటే నేను అబద్ధాలు చెప్పానంటారా?" అంది కృష్ణవేణి. ఆమె చెల్లెలి వైపు తిరిగింది. నీల చూపు తెర మీదే ఉంది.

ఆ మధ్యాహ్నం ఇంటి దగ్గర కృష్ణవేణి మర్నాటికి పెసలు కడుగుతూ కూర్చుంది. కడిగినవే మళ్లీ కడిగింది.

నీలకు ఎనిమిదేళ్లప్పుడు వాళ్ల నాన్న ఆమెను దూరపు ఊళ్లో ఒక హాస్టలు బడిలో చేర్చాడు. తొమ్మిదో రోజున పదిహేనేళ్ల కృష్ణవేణి చూడ్డానికి వెళ్లింది. చెల్లెలు జ్వరంతో చాప మీద పడి ఉంది. పెదాలు పగిలి నెత్తురు చారలు కట్టాయి. రెండు రోజులుగా ఆ పిల్ల అంటున్నది ఒకే మాట. ఆయాలు అది ఏడుపనుకున్నారు. కృష్ణవేణి గుమ్మంలో ఉండగానే విన్నది: నీళ్లు. చెల్లెల్ని చంకనేసుకుని బస్సెక్కించి తీసుకొచ్చేసింది. ఇక దీన్ని ఎవరికీ వదలనని ఆ బస్సులోనే ఒట్టు పెట్టుకుంది. మొదట్లో చెల్లెలు అన్నది అన్నట్టే చెప్పేది. తర్వాత నలుగురికీ నచ్చేలా సర్దింది. ఆ తర్వాత సర్దుతున్నానన్న సంగతే మరిచిపోయింది.

"నీలా, నిజంగా మాడిందా?" అంది పెసల నీళ్లు ఒంపుతూ.

"మాడింది," అంది నీల. కృష్ణవేణికి అర్థమైంది. ఆమెకెప్పుడూ అర్థమవుతూనే ఉంది.

మర్నాడు ఫర్హానా ఏదీ దాచకుండా చెప్పింది. నలభై రోజుల్లో ఢిల్లీ నుంచి నిపుణుల బృందం వస్తోంది. వాళ్లు ఒప్పుకుంటేనే పట్టీ ఈ గది దాటి జనంలోకి వెళ్తుంది. ఉన్నది చూపిస్తే చప్పట్లు ఖాయం. మళ్లీ మొదలుపెడితే నలభై రోజుల్లో అవుతుందో లేదో తెలియదు. "రాత్రంతా ఉన్నదే చూపిద్దామా అని ఆశపడ్డాను, అబద్ధం చెప్పను," అంది. "నీ గొంతు నీలా. నువ్వే చెప్పు."

నీల మోకాలు అప్పటికే కదులుతోంది. "మళ్లీ." కాస్త ఆగి ఇంకో రెండు మాటలు రాసింది. "అక్క బయట."

కృష్ణవేణి ఆ రెండు మాటలూ చదివింది. చెల్లెలి మెడ కింద తువ్వాలు సర్ది, నీళ్ల సీసా ఎలీషా చేతిలో పెట్టింది. "స్ట్రా వంచి పెట్టండి, లేకపోతే పొలమారుద్ది," అని చెప్పి తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

నాలుగు వేల వాక్యాలూ చెరిపేశారు. అచ్చు వేసిన వాక్యాల జాబితా తెచ్చి నీల చేత చదివించారు. అందులో ఏముందో ముందే తెలుసు గనుక దుబాసీ అక్కర్లేదు. కానీ పాఠం అప్పజెప్పేటప్పుడు నీల గొంతు మరింత బిగుసుకుపోయేది. పదిహేను రోజులు గడిచినా యంత్రం వందకు ఇరవై రెండు దాటలేదు. దాహం అంటే దారం అంది. కిటికీ అంటే కిరీటం అంది. ఫర్హానా మొహం వాడిపోతోంది.

పదహారో రోజు టీ తాగుతూ ఎలీషా యథాలాపంగా అన్నాడు. "ఎవరేమన్నా ఇడ్లీకి కొబ్బరి చట్నీ తర్వాతే అల్లం చట్నీ అండి."

టిఫిన్ బండి దగ్గర పెరిగిన నీల ఊరుకోలేకపోయింది. గబగబా ఏదో అంది. పట్టీ ఇంకా మెడనే ఉంది. స్పీకరు పలికింది: "నీకు నాలుక లేదు."

ఎలీషా చేతిలో టీ ఒలికింది. "ఇదేనా అన్నారు?"

నీల మోకాలితో ఔనని నొక్కింది. ఒకసారి చాలదన్నట్టు మూడుసార్లు నొక్కింది.

"డాక్టరుగారూ! జాబితా అవతల పారెయ్యండి!" ఎలీషా గాలిలో చేతులూపుతూ అరిచాడు. "చదివేటప్పుడు ఈవిడ గొంతుని పట్టి లాక్కొస్తున్నారు. పోట్లాడేటప్పుడు అదే పరిగెత్తుకొస్తోంది. మనకి కావాల్సింది తగువు!"

ఆ పూట నుంచి ఆ గదిలో తగవులే. నీల ఏదైనా అనగానే యంత్రం తనకు తోచిన మూడు వాక్యాలు తెర మీద పెట్టి చదివేది. సరైన దాన్ని నీల మోకాలితో ఎంచుకునేది. మూడూ తప్పయితే మీట అదిమి పట్టి మళ్లీ అనేది. ప్రతి నొక్కుతోనూ యంత్రం కొంచెం నేర్చుకునేది. కబడ్డీ గొప్పదా క్రికెట్టు గొప్పదా, పుష్కరాలకు వెళ్లాలా వద్దా, సముద్రం వాసన మంచిదా కాదా అని ఎలీషా రోజంతా కయ్యానికి కాలు దువ్వేవాడు. నీల విరుచుకుపడేది. పద్దెనిమిదో రోజుకు ముప్పై ఐదు. ఇరవై నాలుగో రోజుకు యాభై ఎనిమిది. అంకె మారినప్పుడల్లా ఫర్హానా చిన్నపిల్లలా గెంతేది. ఇరవై తొమ్మిదో రోజున నీల "ఈయన ఓడిపోయినప్పుడల్లా టీ అడుగుతాడు" అంటే యంత్రం మొదటి ప్రయత్నంలోనే చెప్పేసింది. అందరూ ఒకేసారి కేకలు వేశారు. నడవాలో బెంచీ మీద కూర్చున్న కృష్ణవేణి ఉలిక్కిపడి లేచి నిలబడింది. ఏమైందో లోపలికి వెళ్లి అడగడానికి మాత్రం జంకింది.

ముప్పై మూడో రోజు పదకొండు గంటలకు నీల తగువు మధ్యలో ఆపేసింది. "అక్కని పిలవండి," అంది స్పీకరు.

కృష్ణవేణి వచ్చి ఎదురుగా నిలబడింది. తాను నేర్పని మాటలు చెల్లెలి మెడ దగ్గర నుంచి వస్తుంటే ఆమె కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంది.

"ఆరేళ్ల కిందట బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. వెబ్‌సైట్లు మీటతో పనిచేస్తాయో లేదో చూసే ఉద్యోగం ఇస్తానన్నాడు. నేనేమన్నాను?"

కృష్ణవేణి నేల చూస్తూ అంది: "వస్తానన్నావు."

"నువ్వేం చెప్పావు?"

"భయపడతందండి, రానంటందండి అన్నాను." ఆమె ఒక్కసారిగా తలెత్తింది. "అక్కడ నువ్వు నీళ్లడిగితే ఎవడికి అర్థమవుద్దే? ఆ పెదాలు నేను చూశాను! నువ్వు చిన్నదానివి, నీకు గుర్తుండదు."

"గుర్తుంది. అయినా వస్తానన్నాను. భయం నీది. నా నోట్లో పెట్టావు."

నీల ఆగలేదు. ఇరవై మూడేళ్ల మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. బాబాయి కొడుకు పెళ్లికి తాను వస్తానంటే అక్క రానన్నట్టు చెప్పింది. జుట్టు కత్తిరించమంటే వద్దన్నట్టు చెప్పింది. అమ్మ పోయిన రోజు తాను ఏమన్నదో ఎవరికీ చెప్పనే లేదు. వేగం పెరిగేకొద్దీ యంత్రం తడబడింది.

"నువ్వొట్టి గోడవి," అంది స్పీకరు.

నీల మీట అదిమి కాదంది. మళ్లీ అన్నది. "నువ్వొట్టి గొడుగువి," అంది స్పీకరు. ఎలీషా చెవి రిక్కించాడు, అతనికీ అందలేదు.

"గాడిద అంటందండి," అంది కృష్ణవేణి. బుగ్గల మీద నీళ్లు కారిపోతున్నాయి. "గోడ కాదు, గొడుగు కాదు. నువ్వొట్టి గాడిదవి అంటంది నన్ను. అలా రాసుకోండి."

నీల అక్క మొహంలోకి చూసింది. మోకాలితో ఔనని నొక్కింది.

"ఇంకా అను," అంది కృష్ణవేణి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంటూ. "దీనికి అర్థం కానిది నేను చెప్తా. అన్నది అన్నట్టే చెప్తా."

రెండు గంటలు సాగింది. యంత్రం తప్పినచోటల్లా తనను తిట్టిన తిట్టును కృష్ణవేణే సరిదిద్దింది. ఒక్క అక్షరం తగ్గించలేదు. అది సరేనో కాదో ప్రతిసారీ నీల మోకాలే తేల్చింది. చివరికి నీల అలిసిపోయి నీళ్లడిగింది. అది మాత్రం యంత్రమూ అక్కా ఒకేసారి చెప్పారు. ఆ సాయంత్రం లెక్క చూస్తే డెబ్బై నాలుగు.

ఢిల్లీ బృందం వచ్చేనాటికి ఎనభై ఒకటి అయింది. వాళ్లలో పెద్దాయన కాగితాలు తిరగేసి కనుబొమలు ముడిచాడు. "కిందటిసారి తొంభై నాలుగు అని పంపారు. తగ్గిందేమిటి?"

ఫర్హానా నోరు తెరిచేలోపే స్పీకరు పలికింది. "అప్పుడు నేను మాట్లాడలేదండి. ఇప్పుడు మాట్లాడుతున్నాను. తప్పుల్ని ఏరుకోవడానికి నాకు మోకాలుంది."

పెద్దాయన కళ్లజోడు తీసి ఆమె వైపు వంగాడు. ఆ తర్వాత గంటసేపు ప్రశ్నలన్నీ నీలనే అడిగాడు. బృందం పట్టీని ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది: పట్టీ పెట్టుకున్న మనిషి ఔనన్న వాక్యంతోనే యంత్రానికి నేర్పాలి, ఇంకెవరి మాటా చెల్లదు. ఆ షరతు రాయించింది నీలే. బెంగళూరు నుంచి మళ్లీ ఎవరూ రాలేదు గానీ ఫర్హానా ఆమెను అక్కడే ఉద్యోగంలోకి తీసుకుంది. కొత్తగా పట్టీ పెట్టుకునేవాళ్లకు నేర్పే పని ఆమెది. పొద్దున బండి కట్టేశాక కృష్ణవేణి ఆమెను తీసుకొచ్చి దింపేది.

వర్షాలు మొదలయ్యాక పిఠాపురం నుంచి ఒకావిడ తొమ్మిదేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. పాప పేరు హాసిని, నీలలాగే కుర్చీలో ఉంటుంది. మొదటిరోజు పాప ఏదో అనగానే తల్లి, "ఇల్లు గుర్తొచ్చిందంటోందండి," అంది.

కృష్ణవేణి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "మనం అలా వరండాలో కూర్చుందాం రండి."

మూడు వారాలు ఇద్దరూ వరండాలోనే కూర్చున్నారు. లోపల పాపా నీలా దేనికో దానికి కొట్టుకుంటూనే ఉండేవారు. నీల స్పీకరు గొంతు, పాప అరుపు, మధ్య మధ్య ఎలీషా నవ్వు బయటికి వినిపించేవి.

"ఇన్నేళ్లూ దాని మనసంతా నాకే తెలుసనుకున్నానండి," అంది ఆ తల్లి ఒకరోజు, వాన జల్లు మీద పడకుండా జరిగి కూర్చుంటూ. "రేపు అది మాట్లాడితే నన్నేమంటుందో."

"తిడతది," అంది కృష్ణవేణి. "మాది రెండు గంటలు తిట్టింది. బాగుంటదండి. వినండి."

అంతలో లోపల హాసిని గట్టిగా కేకేసింది. తల్లి చటుక్కున లేచింది. "దాహమేస్తోందట! నేను వెళ్లి..."

"ఉండండి," అంది కృష్ణవేణి.

లోపల యంత్రం ఏదో చదివింది. పాప కాదన్నట్టు మీట గట్టిగా అదిమిన చప్పుడు వినిపించింది. మళ్లీ చదివింది. మళ్లీ కాదంది. మూడోసారి చిన్నపిల్ల గొంతుతో స్పీకరు స్పష్టంగా పలికింది.

"అమ్మని కూర్చోమనండి. గెలుస్తున్నాను."

తల్లి గుమ్మం వైపు చూస్తూ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మెల్లగా కూర్చుంది.